లావా మీద తొలి నడక: కారిజోజోకి వెళ్ళడం ఎలా?

డాలస్‌కి ఉత్తరాన ప్రాస్పర్, ఫ్రిస్కో, మెకిన్నీల్లో ఉండే మనవాళ్ళు రోజూ విసుక్కునే రోడ్డు 380. ఎక్కడ చూసినా సిగ్నళ్ళు, కొత్త కట్టడాలు, ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు. అదే రోడ్డు పట్టుకుని వదలకుండా పడమరకి పోతే డెంటన్ వస్తుంది, తర్వాత పడమటి టెక్సస్ పత్తిచేలు, ఆ తర్వాత రోస్‌వెల్. ఐదువందల మైళ్ళ పైచిలుకు అలా పోయాక న్యూమెక్సికో ఎడారిలో ఆ రోడ్డు ఒక లావా ప్రవాహాన్ని అడ్డంగా దాటుతుంది. చుట్టూ గడ్డిమైదానం, మధ్యలో కారునలుపు రాయి. దాని ఒడ్డునే టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండొచ్చు. ఇదివరకెప్పుడూ క్యాంపింగ్ చేయనివాళ్ళకి కూడా ఇది మంచి చోటు. ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఏం చూడాలో చెబుతాను.

ముందుగా ఒక జాగ్రత్త. ఈ చోటి పేరు వ్యాలీ ఆఫ్ ఫైర్స్ రిక్రియేషన్ ఏరియా. లాస్ వేగస్ దగ్గర వ్యాలీ ఆఫ్ ఫైర్ అని ఇంకొకటి ఉంది, అది నెవాడాలోని ఎర్ర ఇసుకరాతి పార్కు. ఫోన్‌లో పేరు కొట్టి కళ్ళు మూసుకుని నావిగేషన్‌ని నమ్మకండి. కారిజోజో, న్యూమెక్సికో అని కూడా కొట్టండి. ఊరికి నాలుగు మైళ్ళ పడమట, 380 పక్కనే ఉంటుంది.

చూడబోయేది ఏమిటో తెలుసుకుని వెళ్ళండి

తెలియకుండా వెళితే "ఇంతేనా, నల్లరాళ్ళేగా" అనిపించి అరగంటలో కారెక్కేస్తారు. చాలామంది చేసేది అదే.

సుమారు 5,000 ఏళ్ళ కిందట ఈ లోయ ఉత్తరపు కొసన లిటిల్ బ్లాక్ పీక్ అనే చిన్న కొండ దగ్గర భూమి నెర్రెలిచ్చి లావా బయటికొచ్చింది. ఆకాశమంత ఎత్తుకి ఎగజిమ్మిన పేలుడేమీ కాదు. పల్చటి లావా చాలాకాలం నింపాదిగా పారి, పల్లం చూసుకుంటూ టులరోసా లోయలోకి 44 మైళ్ళ దూరం దిగిపోయింది. వెడల్పు నాలుగు నుంచి ఆరు మైళ్ళు, మందం కొన్నిచోట్ల 160 అడుగులు.

అంత దూరం ఎలా పారగలిగింది అన్నది అక్కడి రాయే చెబుతుంది. కాచిన పాలమీద మీగడ కట్టినట్టు, పారే లావా మీద చల్లటి గాలి తగలగానే పైపొర గట్టిపడింది. ఆ పొర కింద వేడి పోకుండా ద్రవం పారుతూనే ఉంది. లోపల ఒత్తిడి పెరిగినచోట పైపొర ఉబ్బి, నడినెత్తిన పగిలి గట్లుగా లేచింది. లోపలి ద్రవం జారిపోయి గుల్ల మిగిలినచోట కప్పు కూలి గుంటలయ్యాయి. పొర ఇంకా మెత్తగా ఉన్నప్పుడు కిందినుంచి లాగుడు తగిలినచోట ముడతలు పడ్డాయి. ఈ నాలుగూ, అంటే ముడత, గట్టు, పగులు, గుంట, గుర్తుపట్టగలిగితే చాలు. ఆ తర్వాత ఏ రాయి చూసినా అక్కడ ఏం జరిగిందో మీరే చెప్పగలరు.

ఇలాంటి రాయి మనకి కొత్తేమీ కాదు. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరాయి, రాజమండ్రి దగ్గర పంగిడి, కాటేరు క్వారీల్లో కొట్టే కంకర, అన్నీ దక్కన్ లావాలే. అవి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళనాటివి. అప్పటినుంచీ ఎండకీ వానకీ చివికి అది కొన్నిచోట్ల నల్లరేగడి అయింది, మనం పత్తీ కందీ వేసుకున్నాం. కారిజోజోలో రాయి మట్టి కావడం ఇంకా మొదలయ్యీ మొదలవనట్టే ఉంది. గాలి మోసుకొచ్చిన దుమ్ము పగుళ్ళలో పేరుకున్నచోటే మొక్క నిలుస్తుంది. అందుకే అక్కడ చెట్టు చూడాలంటే తలెత్తి కాదు, పగుళ్ళలోకి వంగి చూడాలి.

నెల కంటే వేళ ముఖ్యం

నెలల సంగతి త్వరగా తేల్చేద్దాం. అక్టోబరు, నవంబరు మొదటి వారాలు అన్నిటికన్నా హాయి. ఏప్రిల్‌, మే బాగానే ఉంటాయి గానీ వసంతంలో ఈదురుగాలి టెంట్‌ని పీకి పందిరేస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు. చుట్టూ మైళ్ళకొద్దీ మీకంటే ఎత్తయింది ఏదీ లేనిచోట మెరుపు మంచిది కాదు. చోటు సముద్రమట్టానికి ఐదువేల అడుగుల పైనే ఉంది కాబట్టి చలికాలం రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. ఎడారి అంటే వేడి అనుకుని పల్చటి దుప్పటితో వెళ్ళేవాళ్ళు తెల్లవార్లూ కారు హీటరేసుకుని కూర్చుంటారు.

అసలు సంగతి వేళ. నల్లరాయి ఎండని తాగుతుంది. పదింటికే కాలు పెట్టలేనంతగా కాలడం మొదలవుతుంది, జంతువులన్నీ పగుళ్ళలోకి దూరిపోతాయి, వెలుతురు నిట్టనిలువుగా పడి ముడతలన్నీ చదునుగా కనబడతాయి. పగలంతా నడిచి ఎంత దూరం పోయినా అక్కడ దొరికేది తక్కువ. ముప్పావు మైలు బాటనే సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి నడిస్తే రెండు వేరు వేరు చోట్లు చూసినట్టుంటుంది. నా సలహా మొత్తం ఇదే: దూరం ఆశించకండి, వేళ పట్టుకోండి. మిగతా ఏర్పాట్లన్నీ దీనికోసమే. మధ్యాహ్నం మూడింటికి చేరి, మర్నాడు పదింటికి బయల్దేరేలా ప్లాన్ వేసుకోండి.

చేరుకోవడం, చోటు పట్టడం

డాలస్ నుంచి ఒక్క రోజులో తోలేయొచ్చు గానీ పదిగంటల డ్రైవింగ్ తర్వాత టెంట్ వేయడం సరదాగా ఉండదు. రోస్‌వెల్‌లో రాత్రి ఆగండి. 1947 నాటి ఎగిరే పళ్ళెం కథ పుణ్యమా అని వీధి దీపాలకి కూడా గ్రహాంతరవాసుల కళ్ళు పెట్టుకున్న ఊరది, పిల్లలు సంబరపడతారు. అక్కడినుంచి కారిజోజో సుమారు 90 మైళ్ళు. దారిలో బిల్లీ ది కిడ్ కథలకి పేరుబడ్డ లింకన్ ఊరు వస్తుంది. న్యూమెక్సికోలో గడియారం డాలస్ కంటే ఒక గంట వెనక ఉంటుంది, ఆ గంట మీకు లాభం. ఆల్బుకర్కీకి విమానంలో వచ్చి కారు అద్దెకి తీసుకుంటే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఐ-25 మీద దక్షిణానికి వచ్చి, శాన్ ఆంటోనియో అనే పల్లె దగ్గర 380 ఎక్కాలి. ఆ పల్లెకీ కారిజోజోకీ మధ్య అరవై మైళ్ళకు పైగా దాదాపు ఏమీ లేదు. పెట్రోలు, నీళ్ళు ముందే నింపుకోండి.

క్యాంప్‌గ్రౌండ్‌ని చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్‌ఎం అంటారు. రోస్‌వెల్ ఆఫీసు కింద ఉంటుంది. రుసుము, ఖాళీలు, నిప్పు వేసుకోవడం మీద నిషేధాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం వాళ్ళ పేజీ చూడండి, లేదా ఫోన్ చేయండి. కొన్ని చోట్లకి కరెంటు ఉంటుంది, ఆర్‌వీల వాళ్ళు ముందు వాటి మీద పడతారు. బల్లలూ నీడనిచ్చే షెడ్లూ ఉన్నాయి.

ఈ క్యాంప్‌గ్రౌండ్ ఉన్న గట్టు లావా కాదు. అది లావా కంటే ఎంతో పాత ఇసుకరాయి. ప్రవాహం వచ్చినప్పుడు గట్టు ఎత్తుగా ఉండటంతో లావా దాన్ని ముంచలేక రెండు పక్కలా చీలిపోయింది. అంటే మీరు పడుకునేది నల్లరాతి ఏరు మధ్య ఒక లంకలో. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇంతకుమించి విడమరచి చెప్పక్కర్లేదు.

సామాను: మూడు విషయాల్లో పిసినారితనం వద్దు

మొదటిది నీళ్ళు. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, వంటకి వేరే. అక్కడ కుళాయి ఉంటుందిలే అన్న ధీమా మీద వెళ్ళకండి.

రెండోది చెప్పులు కాదు, బూట్లు. బాట మీద వరకూ మామూలు స్పోర్ట్స్ షూ చాలు. రాయిమీదకి దిగాలంటే మందపాటి అట్ట, మడమ పైదాకా పట్టు ఉన్న బూట్లు, పొడుగు ప్యాంటు, తోలు చేతితొడుగులు. తొడుగులు ఎందుకని నవ్వుకునేవాళ్ళు ఒకసారి తూలి చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. గాలిబుడగలతో గుల్లబారిన ఆ రాయి అరచేతి చర్మాన్ని చెక్కేస్తుంది. కుక్కని తీసుకెళ్ళేవాళ్ళు దాని పాదాల సంగతి కూడా ఆలోచించాలి.

మూడోది రాత్రి వెచ్చదనం. నీళ్ళు గడ్డకట్టే చలికి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు, అడుగున పరుపు, చెవులు కప్పే టోపీ. ఇసుకరాతి గట్టులోకి టెంట్ మేకులు సరిగా దిగవు, కాబట్టి తాళ్ళకి కట్టడానికి బరువులు ఉంచుకోండి. నీళ్ళ డబ్బాలే ఆ పనికొస్తాయి.

ఇక చిన్నవాటిలో తలకి కట్టుకునే దీపం, అదీ ఎర్ర వెలుగు వచ్చేది. ఒక బైనాక్యులర్. ఒక దువ్వెన. దువ్వెన తల దువ్వుకోవడానికి కాదు. చోయా అనే ముళ్ళ మొక్క కణుపులు ఊడొచ్చి బట్టలకీ చర్మానికీ పట్టుకుంటాయి. చేత్తో లాగితే ఆ చేతికి పట్టుకుంటాయి, దువ్వెన పళ్ళతో ఎగరగొట్టాలి.

తిండి గురించి మనవాళ్ళకి చెప్పడం అనవసరం. పులిహోర, చపాతీలు, ఆవకాయ సీసా ఉంటే మొదటి రోజు గడిచిపోతుంది. వేసవి చివర్లో, శరత్తులో వెళితే దారిలో కొట్ల ముందు ఇనుప డ్రమ్ముల్లో పచ్చిమిరపకాయలు కాలుస్తుంటారు. ఓ సంచి కొనుక్కోండి, రొట్టెలోకి రోటిపచ్చడి అవసరం ఉండదు. తిండి, చెత్త రాత్రి కారులోనే పెట్టి తాళం వేయాలి.

మొదటి సాయంత్రం: బాట మీద

టెంట్ వేసి, టీ తాగి, ఎండ వాలాక మాల్‌పైస్ నేచర్ ట్రయల్ మొదలుపెట్టండి. చదును చేసిన బాట, ముప్పావు మైలు పొడవు, దారిపొడవునా వివరాల పలకలు. చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు వెళ్ళేలా వేశారు. ఇండియా నుంచి వచ్చి ఆరునెలలుగా ఇంట్లో నాలుగు గోడల మధ్య విసుగెత్తిన అమ్మానాన్నల్ని నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు. దిగుడులో కాస్త చెయ్యి పట్టుకుంటే సరిపోతుంది.

వాలు ఎండలో ముడతల నీడలు సాగి, నడిపగలు చదునుగా కనబడే రాయంతా ఎత్తుపల్లాలుగా లేస్తుంది. పగుళ్ళలో నాగజెముడు కనిపిస్తుంది. మన చేలగట్ల మీద ఉండే ఆ జెముడు పుట్టిల్లు అమెరికా ఖండాలే. కత్తుల్లాంటి ఆకుల సోటల్, మెస్కీట్, బాట పక్కనే వంకరలు తిరిగిన ఒక ముసలి జునిపర్ చెట్టు, దానికి నాలుగువందల ఏళ్ళని చెబుతారు. నీళ్ళు నిలవని రాయిమీద చెట్టు ఎలా ఉందనుకోవద్దు. వానపడితే రాయిమీద నీరంతా జారి పగుళ్ళలోకే చేరుతుంది, ఆ నీడలో త్వరగా ఆరదు కూడా. చుట్టూ ఉన్న గడ్డినేలలో మొక్కకంటే పగులులో మొక్కకే ఒక్కోసారి తేమ ఎక్కువ.

రాత్రి చేయాల్సిన పని

ఎక్కువ లేదు. దీపాలు ఆర్పి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం పడుతుంది, మధ్యలో ఫోన్ తెర చూస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. పాలపుంత స్పష్టంగా కనబడుతుంది, అమావాస్య దగ్గర్లో అయితే మరీ. గుడ్లగూబ వినబడొచ్చు. గ్రేట్ హార్న్‌డ్ ఔల్ అని తలమీద కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్దది. దూరంగా కొయొటీల ఊళలు. ఊళ విని భయపడి కారులోకి పరుగెత్తక్కర్లేదు, అవి మనుషుల జోలికి రావడం అరుదు.

ఆ గుడ్లగూబ వెతికేది ఎలుకని. ఇక్కడి కథ అంతా ఆ ఎలుకదే. రాక్ పాకెట్ మౌస్ అనే ఈ చిట్టెలుక చెంపల పక్కన సంచుల్లో గింజలు దాచుకుంటుంది, గింజల్లోని తేమతోనే సరిపెట్టుకుని నీళ్ళు తాగకుండా బతకగలదు. చుట్టుపక్కల లేతరంగు నేలలో దాని వీపు ఇసుకరంగు. లావా మీద మాత్రం నల్లగా ఉంటుంది. నల్లరాయి మీద లేతరంగు ఎలుక గుడ్లగూబకి ఇట్టే దొరికిపోతుంది, నల్లది బతికి పిల్లల్ని కంటుంది. అరిజోనా అంచున పినకాటే లావా మీద కూడా ఇవే ఎలుకలు నల్లబడ్డాయి. అక్కడ ఎంసీ1ఆర్ అనే జన్యువులో వచ్చిన మార్పు దానికి కారణమని 2003లో మైకేల్ నాక్‌మన్, హోపీ హోక్‌స్ట్రా బృందం తేల్చింది. న్యూమెక్సికో లావాల మీది నల్ల ఎలుకల్లో ఆ మార్పు లేదు. ఇవి వేరే జన్యువుల దారిలో అదే రంగుకి చేరాయి. ఎలుక మీకు కనబడుతుందని మాటివ్వను. రాత్రి బయటికొచ్చే ప్రాణి, పైగా నల్లరాయిమీద నల్లగా ఉంది.

తెల్లారి: చూడటం ఎలా

సూర్యోదయానికి అరగంట ముందే బాట మీద ఉండండి. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు నడుస్తూ చూడటం. నాలుగడుగులు వేసి రెండు నిమిషాలు ఆగాలి. కదలకుండా ఉంటేనే కదిలేది కనబడుతుంది.

మొదట వెతకాల్సింది రోడ్‌రన్నర్. కార్టూన్‌లో చూసిన పక్షే. కోకిల కుటుంబానికి చెందింది, మన తోటల్లో నేలమీద తిరిగే జెముడుకాకికి చుట్టం. రాత్రి చలికి ఒంటి వేడి తగ్గించుకుని పడుకుంటుంది, పొద్దున్నే ఎండకి వీపు పెట్టి ఈకలు పైకెత్తి లోపలి నల్లటి చర్మాన్ని కాచుకుంటుంది. ఆ పది నిమిషాలు దాన్ని హాయిగా చూడొచ్చు, ఒళ్ళు వేడెక్కాక మన కళ్ళకి అందదు. పొదల కింద కంజుల గుంపులు, కాక్టస్ రెన్, ఆకాశంలో గద్దలు, టర్కీ వల్చర్లు. కుందేళ్ళు, మ్యూల్ డీర్ జింకలు గట్టు కింద గడ్డిలో.

ఎండ రాయికి తగిలిన కాసేపటికి బల్లులు వస్తాయి. పగటిపూట నల్ల ప్రాణిని చూసే అవకాశం వీటితోనే. ఫెన్స్ లిజర్డ్ అనే గరుకు బల్లి ఇక్కడ ముదురురంగులో ఉంటుంది. ఫోటో తీసుకుని దాచుకోండి, తిరుగుదారిలో పనికొస్తుంది.

380 మీద పడమరకి పోతే ఒక్కోసారి పొడుగుకొమ్ముల ఆఫ్రికా ఓరిక్స్ కనబడతాయి. కళ్ళు మోసం చేశాయనుకోవద్దు. వేటకోసమని 1969 నుంచి 1977 మధ్య ఇక్కడికి దగ్గర్లోని వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షల భూముల్లో కలహారి ఎడారి ఓరిక్స్‌లని వదిలారు. వాటిని వేటాడే సింహాలు ఇక్కడ లేవు, అవి వేలల్లో పెరిగాయి. మనిషి తెలివి ఒక్కోసారి ఇలా ఉంటుంది.

రాయిమీదకి దిగాలనిపిస్తే

బాట వదిలి లావా మీదకి వెళ్ళొచ్చు, అడ్డు లేదు. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా మాట: బాట కనిపించేంత దూరమే. మామూలు నేలమీద ఇరవై నిమిషాల్లో నడిచే మైలుకి ఇక్కడ గంటకి పైనే పడుతుంది. ప్రతి అడుగూ చూసి వేయాలి. పల్చటి పైకప్పు కింద గుల్ల ఉండొచ్చు, డొల్లగా మోగినచోట బరువు వేయకండి. వంద అడుగులు పోయి వెనక్కి తిరిగి చూడండి. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఇసుకరాతి గట్టు, దాని మీది షెడ్లే గుర్తులు, అవి కనుమరుగైతే తిరగండి. బసాల్ట్‌లో అయస్కాంత గుణం ఉంటుంది కాబట్టి దిక్సూచి తప్పు చూపొచ్చు, జీపీఎస్ మేలు. ఒంటరిగా వద్దు.

చెయ్యి కనబడని చోట చెయ్యి పెట్టకూడదు. ర్యాటిల్‌స్నేక్‌లు పగుళ్ళ నీడలోనే ఉంటాయి. మన రక్తపింజరి కుటుంబమే. గిలక చప్పుడు వినిపిస్తే ఉన్నచోటే ఆగి, అదెక్కడుందో చూసుకుని, నెమ్మదిగా వెనక్కి రండి. కరిస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. మనిషిని కదలనివ్వకుండా 911 కొట్టాలి. సిగ్నల్ లేకపోతే కారులో కారిజోజో వైపు బయల్దేరాలి.

గుహల్లాంటి గుల్లల్లోకి దూరకండి, గబ్బిలాలకి అది ఇల్లు. మన బూట్ల ద్వారా వాటికి బూజు రోగం అంటుకునే ప్రమాదం ఉంది. రాయి ముక్క కూడా తెచ్చుకోకూడదు. ప్రవాహం దక్షిణపు భాగం వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షల స్థలంలోకి వెళుతుంది, అక్కడ పేలని గుళ్ళు ఉండొచ్చు, కంచె దాటే ఆలోచనే వద్దు.

తిరుగుదారి దక్షిణం మీదుగా పెట్టుకోండి

ఒక పూట ఎక్కువ ఉంటే వచ్చినదారినే పోకండి. కారిజోజో నుంచి 54 మీద దక్షిణానికి దిగితే సుమారు 28 మైళ్ళకి త్రీ రివర్స్ వస్తుంది. జొర్నాడా మొగొల్యోన్ ప్రజలు రాళ్ళమీద చెక్కిన బొమ్మలు 21,000కి పైగా ఉన్నాయక్కడ. కొమ్ముల గొర్రెలతో పాటు బల్లులు, పక్షులు, మీరు పొద్దున చూసినవాళ్ళే. అక్కడినుంచి అలమగోర్డో, ఆపైన 70 మీద పదిహేను మైళ్ళు పోతే వైట్ శాండ్స్ నేషనల్ పార్కు, తెల్లటి జిప్సం ఇసుక దిబ్బలు.

అక్కడ దిబ్బల అంచున పొదల కింద చూడండి. అదే ఫెన్స్ లిజర్డ్ అక్కడ తెల్లగా ఉంటుంది. పొద్దున తీసిన ఫోటో పక్కన పెట్టి పిల్లలకి చూపించండి. రెండు చోట్లకీ మధ్య కారులో సుమారు 75 మైళ్ళు, రెండూ భూమి లెక్కన నిన్నమొన్న పుట్టినవే. ఆ దిబ్బలకి కూడా పదివేల ఏళ్ళు లేవు.

క్షిపణి పరీక్షలున్న రోజుల్లో 70ని, పార్కుని కొన్ని గంటలపాటు మూసేస్తారు. ముందురోజు రాత్రే పార్కు పేజీలో మూసే వేళలు చూసుకుని, దాన్ని బట్టి లావా దగ్గర టెంట్ ఎత్తే టైము పెట్టుకోండి.